ద్రాక్షపందిరి కింద వనభోజనాలు

ఆ బుధవారం పొద్దున సత్యానికి ఉన్న పని ఒక్కటే. పామర్రులో బస్సు దిగే అక్కనూ, ఆవిడ వెంట వచ్చే ఆడవాళ్ళనూ ఆటోల్లో ఎక్కించుకుని తన ద్రాక్షతోటకు తీసుకురావాలి. చుట్టూ వరిచేలూ రొయ్యల చెరువులూ ఉన్న ఊళ్ళో ఆ అరెకరం ద్రాక్షపందిరి అతనికి ప్రాణం, ఊరికి వేళాకోళం. భూమి మాత్రం అక్క సంపూర్ణమ్మది. పుట్టింటివాళ్ళు పసుపుకుంకుమ కింద ఇచ్చారు. గవర్నర్‌పేటలో చీరల కొట్టు నడుపుకునే ఆవిడ, పొరుగు రైతు దేవేంద్ర రొయ్యల చెరువుకు అడుగుతున్నాడు, లీజుకిచ్చేద్దామని కొన్నాళ్ళుగా పోరుతోంది.

అందుకే సత్యం భార్య రాజేశ్వరి ఒక ఉపాయం పన్నింది. కార్తీక వనభోజనాలు ఆ పందిరి కిందే పెడితే, ఆ చల్లటి నీడలో నాలుగు ముద్దలు తిన్నాక వదినగారి నోట చెరువు మాట రాదని ఆమె లెక్క. మొదట ఆదివారం అనుకున్నారు. పెళ్ళిళ్ళ రోజుల్లో ఆదివారం కొట్టు వదిలి రాలేనని సంపూర్ణమ్మ దాన్ని బుధవారానికి మార్చింది. ఆ సంగతి సత్యం వంటవాడికి చెప్పాడు, ఆటోలవాళ్ళకు చెప్పాడు, లీజు మాట్లాడటానికి అక్క రమ్మన్న దేవేంద్రకూ చెప్పాడు. ఇంకొకరికి చెప్పాలన్నది మాత్రం అతని బుర్రకు తట్టలేదు.

తోట దగ్గర ఆటో దిగిన సత్యం కాళ్ళు అక్కడే పాతుకుపోయాయి. నిన్న సాయంత్రం ఆకాశం కనిపించని పందిరి మీద ఇప్పుడు ఆకాశం తప్ప ఏమీ లేదు. తీగలన్నీ జానెడేసి మోళ్ళు. కోసిన ప్రతి కొసా బొట్టుబొట్టుగా నీరు కారుస్తోంది. అప్పుడే పులిహోర గంగాళంతో వచ్చిన రాజేశ్వరి ఆకుల గుట్ట మీద కూలబడింది.

సత్యానికి అప్పుడు గుర్తొచ్చింది. చలికాలపు కత్తిరింపు! ఈ రోజుల్లో తీగను కోస్తేనే కొత్త చిగురు, ఆ చిగురుకే గుత్తి. వనభోజనాలు ఆదివారంతో అయిపోతాయి కదా అని, బుధవారం తెల్లారేసరికి మనుషులతో వచ్చి పని మొదలెట్టమని కత్తిరింపు ముఠా మేస్త్రి నతానియేలుకు చెప్పింది తనే. వనభోజనాలు మారాయి గానీ నతానియేలు మారలేదు. చెప్పిన రోజుకు పనివాడు రావడం సత్యం అనుభవంలో అదే మొదటిసారి. ముఠా అంతా టీకి పోయినట్టుంది, నరమానవుడు లేడు.

"ఓరి నాయనో! ఎవర్రా ఈ ఘోరం చేసింది?" అని సంపూర్ణమ్మ గుండెలు బాదుకుంది.

నిజం చెబితే, అక్కను పిలిచి ఎండలో నిలబెట్టిన తెలివితక్కువవాడు తనేనని ఒప్పుకోవాలి. ఆ కోపంలో ఆవిడ లీజు ఇక్కడే ఖాయం చేసేస్తుంది.

"తెలీదక్కా" అన్నాడు సత్యం.

ఆ ఒక్క మాటే అతని కొంప ముంచింది. "తీగలు కన్నీళ్ళు పెట్టుకుంటున్నాయి చూడండమ్మా" అని ఒకావిడ కళ్ళొత్తుకుంది. వంటవాడు ఊళ్ళోకి ఫోన్లు కొట్టాడు. కాసేపటికి సగం ఊరు పరామర్శకు దిగింది. పోలీసులకు చెప్పాలని ఒకరు, నిమ్మకాయలేమైనా పాతారేమో చూడమని ఇంకొకరు. సత్యం నోరు తెరిచినప్పుడల్లా ఎవరో ఒకరు పట్టుకుని ఓదారుస్తున్నారు.

"తోట పోతే లాభం ఎవడికిరా?" అంది సంపూర్ణమ్మ. సరిగ్గా అప్పుడే దేవేంద్ర మిఠాయి పెట్టెతో బండి దిగాడు. అందరి తలలూ అటు తిరిగాయి.

"పచ్చటి తోట నరకడానికి నీకు చేతులెలా వచ్చాయయ్యా? ఒరే సత్యం, పోలీసులకి ఫోన్ చెయ్యి!"

"అమ్మతోడు, నేను కాదండీ!" దేవేంద్ర ముఖంలో నెత్తురుచుక్క లేదు. "నాకు నరకాల్సిన ఖర్మేంటండీ? మా చెరువు ఉప్పునీళ్ళు చాటుగా ఈ తోటకి పారే కాలవలోకి వదుల్తానే ఉన్నా గదా, తోట అదే మెల్లగా ఎండిపోద్దిలే అని..."

అని నాలిక కరుచుకున్నాడు. అప్పటికే ఆలస్యమైంది.

సత్యం నిజంగా నిర్ఘాంతపోయింది అప్పుడు. తూర్పు వరసలో ఆకుల అంచులు మాడిపోతుంటే, తెగులనుకుని తను మందు మీద మందు కొట్టాడు.

అంతలో నతానియేలు కత్తెర ఊపుకుంటూ వచ్చాడు. "సత్యంగారూ, మీరు చెప్పినట్టే తెల్లారకముందే మొదలెట్టామండి. ఇంక ఈ ఆకంతా ఎత్తి పోసేస్తే అయిపోద్ది."

సంపూర్ణమ్మ తమ్ముడి వైపు తిరిగింది. "తెలీదక్కా అన్నావు?"

"కొయ్యకపోతే కాయ రాదక్కా. రోజు మారిందని ఇతనికి చెప్పడం మర్చిపోయా. నువ్వేమంటావోనని భయమేసింది."

"ముప్పై ఏళ్ళుగా గుడ్డ అమ్ముతున్నా. కత్తెర పడకుండా జాకెట్టు అవుద్దా? ఆ ముక్క చెబితే నాకు అర్థం కాదట్రా, వెధవా?" తర్వాత దేవేంద్ర వైపు చూసింది. "దొంగతనంగా నీళ్ళు వదిలేవాడికి సెంటు నేల కూడా ఇవ్వను. సత్యం, తోట నువ్వే చేసుకో. ముందు నీడెక్కడుందో చూపించు, మాడు పగిలిపోతోంది."

కనుచూపు మేరలో నీడ ఒక్కచోటే ఉంది, దేవేంద్ర చెరువుగట్టు మీద షెడ్డులో. రాజేశ్వరి ఉసిరికొమ్మను రొయ్యల మేత బస్తాల మధ్య నిలబెట్టి దణ్ణం పెట్టింది. దేవేంద్ర తలొంచుకుని అందరికీ విస్తళ్ళు వేశాడు, తను తెచ్చిన మిఠాయి తనే వడ్డించాడు. నతానియేలు పులిహోర మారు అడిగాడు.

ఆ ఏడాది భోజనాలు బ్రహ్మాండంగా జరిగాయి. వనం సంగతి గుత్తులు దిగే ఫిబ్రవరిలో తేలుతుంది.