వాచ్ ఇంట్లోకి వచ్చిన రోజు

నవ్వితే చెప్పను, ముందే చెప్తున్నా. ఆ సమోసాల ప్లేట్ కాస్త ఇటు జరపండి... అమ్మో, షారన్ చూస్తోంది. వద్దులే, ఆ క్యారెట్ ముక్కలే ఇవ్వండి.

ఎనిమిది నెలల పాటు నేను జీపీఎస్ వాచ్ సెలెక్ట్ చేశాను. కొన్నానని అనడం లేదు, సెలెక్ట్ చేశాను అంటున్నా. రెండూ వేరు వేరు పనులు.

పోయిన సెప్టెంబర్‌లో నా బ్లడ్ టెస్ట్ రిపోర్ట్ వచ్చింది. షుగర్ బార్డర్‌లో ఉందన్నాడు డాక్టర్. పన్నెండేళ్ళుగా హెచ్-వన్ వీసా మీద బతుకుతున్నవాణ్ణి, నాకు బార్డర్ అంటే భయమేంటి? "బార్డరేగా, దాటలేదుగా" అన్నాను ఇంటికొచ్చి.

మా ఆవిడ షారన్ నవ్వలేదు. "మా నాన్న కూడా సోమవారం నుంచి నడుస్తా అనేవాడు. ఆ సోమవారం రాకముందే కాలి వేళ్ళు రెండు తీసేశారు. రేపు పొద్దున్నే లేవండి, రివర్ పక్కన నడుద్దాం. నేనూ వస్తా" అంది.

పొద్దున్నే అనే మాట వింటేనే నాకు దుప్పటి గుర్తొస్తుంది. వెంటనే ఒక ఐడియా తట్టింది.

"నడకేంటి షారన్, చీప్‌గా! చేస్తే రన్నింగే చేస్తా. సైక్లింగ్ కూడా. కానీ వాచ్ ఏదీ? ఎంత దూరం వెళ్ళామో, ఎంత స్పీడో, గుండె ఎంత కొట్టుకుందో తెలీకుండా పరిగెత్తితే అది రన్నింగ్ కాదు, ఉత్త ఆయాసం."

"వాచ్ వస్తే పరిగెత్తుతారా?"

"వాచ్ ఇంట్లోకి వచ్చిన రోజు నుంచి. మాటంటే మాటే."

"ఐ హర్డ్ దట్" అంది పక్క గదిలోంచి మా అమ్మాయి అబిగేల్. దానికి పదేళ్ళు. హోంవర్క్ తప్ప అన్నీ గుర్తుంటాయి.

కిటుకు అర్థమైందిగా? వాచ్ వస్తే కదా!

ఇక సోఫాలో పడుకుని, పొట్ట మీద లాప్‌టాప్ పెట్టుకుని ఎక్సెల్ షీట్ మొదలుపెట్టాను. ముప్పై ఒక్క వాచ్‌లు, ఇరవై రెండు కాలమ్‌లు. బ్యాటరీ ఎన్ని గంటలు, శాటిలైట్ ఎంతసేపట్లో దొరుకుతుంది, ఎండలో స్క్రీన్ కనిపిస్తుందా, చెమటకి పట్టీ దురద పెడుతుందా. అన్నీ నింపేసరికి ఎవడో ఒకడు కొత్త మోడల్ వదులుతాడు. వాళ్ళు చల్లగా ఉండాలి.

"ఇది చూడు షారన్, యాభై మీటర్ల లోతు నీళ్ళల్లో కూడా పనిచేస్తుందట."

"యాభై మీటర్ల లోతుకి మీరెందుకు వెళ్తారు?"

"పరిగెత్తుతూ నదిలో పడిపోతే?"

"పడిపోయాక టైమెంతైందో చూసుకుంటారా?"

"సైక్లింగ్‌కి దీనిలో పద్నాలుగు ఫీచర్లున్నాయి తెలుసా?"

"సైకిలేదండీ?"

మా ఇంట్లో సైకిల్ ఒకటే. అబిగేల్‌ది. గులాబీ రంగు, హ్యాండిల్‌కి జలతారు కుచ్చులు.

ఒక సంగతి మాత్రం నిజంగా చెప్తున్నా, ఆ రోజులు ఎంత బావుండేవో! ఒక వాచ్ రివ్యూ చదివి కళ్ళు మూసుకుంటే చాలు, మా ఊరు నేపర్‌విల్ మొత్తం కరిగిపోయేది. తెల్లారగట్ల నది మీద పొగమంచు. ఆ మంచులో నేను పరిగెత్తుతూ ఉంటాను. నాకు పొట్ట ఉండదు. అడుగుల చప్పుడు కూడా ఉండదు. బాతులు తప్పుకుని దారి ఇస్తాయి. ఒక్కో వాచ్‌కి ఒక్కో కల వచ్చేది. సోలార్ వాచ్‌కి ఎడారి, టైటానియం వాచ్‌కి మంచుకొండలు. ఒకసారి చాలా ఖరీదైన వాచ్ గురించి చదివి పడుకుంటే, నీళ్ళ మీదే పరిగెత్తాను.

"డాడీ, నువ్వు స్లీప్‌లో లెగ్స్ మూవ్ చేస్తావ్" అంది అబిగేల్. "లైక్ ఎ పప్పీ."

షారన్ మాత్రం రోజూ ఐదున్నరకి వచ్చి భుజం తట్టేది. "వస్తారా?" బ్యాటరీ కాలమ్ అవలేదనేవాణ్ణి. పాత షూస్ వేసుకుని వెళ్ళిపోయేది. అలా ఏదో చల్లగాలికి నాలుగడుగులు వేసి వస్తుందనుకున్నాను. అంతకంటే ఎక్కువ అనుకోవడానికి నేను మేలుకుని ఉంటే కదా!

ఇంతలో మన చర్చిలో నా పేరు మారిపోయింది, మీకు తెలిసిందే. ఆరాధన అయ్యాక లంచ్ లైన్‌లో ఎవరు వాచ్ గురించి అడిగినా నా దగ్గరికే పంపేవారు. "వాచ్ బ్రదర్ ఎక్కడ?" అనేవారు. నా షీట్ చూసి పదకొండు మంది కొన్నారు. కొననివాణ్ణి నేనొక్కణ్ణే. ఎవరూ అడగలేదు కూడా.

మేలో పాస్టర్ గారు అనౌన్స్ చేశారు. "పేదలకి సరుకులిచ్చే ఫుడ్ ప్యాంట్రీ కోసం మన సంఘం ఐదు కిలోమీటర్ల రన్ పెడుతోంది. కెప్టెన్, మన సుందర్ రాజ్ బ్రదర్!"

హాలంతా చప్పట్లు. అందరికంటే గట్టిగా కొట్టింది షారన్.

ఫస్ట్ ప్రైజ్‌గా జీపీఎస్ వాచ్ ఇస్తానని లెవి లేచాడు. మన రిటర్న్ లెవి. స్టోర్‌లో దొరికేదల్లా కొని, తొంభై రోజుల్లోపు వెనక్కిచ్చేస్తాడే, ఆయనే. ఇవ్వబోయే మోడల్ నన్నే సెలెక్ట్ చేయమన్నాడు. అదే ఆదివారం, భోజనానికీ టీకీ మధ్యలో చేసిచ్చేశాను.

ఇంటికెళ్ళాక షారన్ నన్ను తేరిపార చూసింది.

"ఎవరికో అయితే అరగంట. మీకైతే ఎనిమిది నెలలా?"

"ఎవరికో కదా! తప్పైనా పర్లేదు."

"ఆ వాచ్ ఫస్ట్ వచ్చినవాళ్ళకా?"

"అవును."

"ఆడవాళ్ళు వచ్చినా?"

"ఎవరొస్తే వాళ్ళకి" అన్నాను ఉదారంగా. షారన్ బెండకాయలు తరుక్కుంటూ కూర్చుంది.

ఇక నా బాధ వినండి. కెప్టెన్ పరిగెత్తకపోతే పరువు పోతుంది, పరిగెత్తితే ప్రాణం పోతుంది. మూడు వారాలు ఆలోచించి, కెప్టెన్ ముందు సైకిల్ మీద దారి చూపించాలని ప్రపోజ్ చేశాను. పాస్టర్ గారు ఒప్పుకున్నారు. సైకిల్ ఒకటేనని అప్పుడు గుర్తొచ్చింది.

జూన్‌లో శనివారం పొద్దున ఏడింటికి రివర్‌వాక్ దగ్గర అరవై మంది. అందరి ముందు, గులాబీ సైకిల్ మీద, మోకాళ్ళు గడ్డానికి తగులుతూ, జలతారు కుచ్చులతో నేను. వద్దన్నా అబిగేల్ బెల్ మోగించి మరీ పంపింది.

విజిల్ వేశారు. ఆడవాళ్ళూ పిల్లలూ కదిలారు. నా పదకొండు మంది శిష్యులు మాత్రం కదల్లేదు. "శాటిలైట్ దొరక్కుండా స్టార్ట్ చేస్తే దూరం తప్పొస్తుంది" అని నేనే చెప్పాను కదా! చెట్టు కింద సిగ్నల్ అందక, పదకొండు మందీ చేతులు ఆకాశం వైపు ఎత్తి నిలబడ్డారు.

పాస్టర్ గారు అది చూశారు. ఆయన కళ్ళు చెమర్చాయి. ఆయన కూడా చేతులెత్తి ప్రార్థన మొదలుపెట్టారు.

మన పాస్టర్ గారి ప్రార్థన మీకు తెలుసు. ఇల్లినాయిస్‌లో మొదలై, అన్ని ఖండాలూ చుట్టి రావాలి. మధ్యలో చేతులు దించే ధైర్యం ఎవరికుంది? శాటిలైట్లు దొరికి బీప్ బీప్ అంటూనే ఉన్నాయి, వీళ్ళు ఆమెన్ ఆమెన్ అంటూనే ఉన్నారు.

నేనేమో వెనక్కి చూడకుండా తొక్కాను. మొదటి చెక్క బ్రిడ్జి దాటగానే చైన్ ఊడింది. పక్కనే బెంచీ ఉంటే కూలబడ్డాను. ఊపిరి అందాక తలెత్తి చూద్దును కదా, నది మీద పొగమంచు. అచ్చం నా కలే! అదే వెలుగు, అవే బాతులు.

ఆ మంచులోంచి ఎవరో పరిగెత్తుకుంటూ వస్తున్నారు. తేలిగ్గా, చప్పుడే లేకుండా. బాతులు తప్పుకుని దారిచ్చాయి. చేతికి వాచ్ లేదు, పెదవులు మాత్రం కదులుతున్నాయి. ఎంత హాయిగా పరిగెత్తుతోంది ఈవిడ, ఎవరో అదృష్టవంతుడి భార్య అనుకున్నాను.

దగ్గరికొచ్చాక చూస్తే, షారన్.

"నువ్వా!" అన్నాను.

"చైన్ వెనక చక్రం వైపు నుంచి ఎక్కించండి. చేతులు ప్యాంటుకి తుడుచుకోకండి" అని, ఆగకుండా వెళ్ళిపోయింది.

ఫస్ట్ వచ్చింది. మగాళ్ళు టైమ్‌కి బయల్దేరినా అందుకునేవాళ్ళు కాదని లెవి కూడా ఒప్పుకున్నాడు. వాచ్ చేతికిస్తూ, "సిస్టర్, బాక్స్ మాత్రం చింపొద్దు" అన్నాడు.

కార్‌లో అడిగాను. "ఎప్పట్నుంచి పరిగెత్తుతున్నావ్?"

"మీరు మొదటి వాచ్ చూసిన రోజు నుంచి."

"మరి దూరం ఎలా తెలుస్తుంది?"

"పాటలు. మన ఇంటి నుంచి నది దాకా ఒక కీర్తన, నాలుగు చరణాలు. మొదట్లో పల్లవికే ఆయాసం వచ్చేది. ఇప్పుడు తొమ్మిది పాటలు."

తర్వాత రోడ్డు వైపే చూస్తూ అంది. "రోజూ లేపాను. మీరు కళ్ళు మూసుకుని నవ్వుకుంటూ పడుకునేవారు. నాకు మా నాన్న కాలు గుర్తొచ్చేది. ఇంట్లో ఉంటే ఏడుస్తానని వెళ్ళి పరిగెత్తేదాన్ని."

ఇరవై రెండు కాలమ్‌లు పెట్టాను, ఆవిడ భయానికి ఒక్క కాలమ్ లేదు.

ఇంటికి చేరాక షారన్ వాచ్‌ని డైనింగ్ టేబుల్ మీద పెట్టింది. అబిగేల్ వాచ్‌ని చూసింది, నన్ను చూసింది.

"డాడీ, వాచ్ హౌస్‌లోకి వచ్చింది."

"అది మీ అమ్మదే!"

"ఎవరి వాచ్ అని నువ్వు సే చేయలేదు."

సిగ్గు విడిచి చెప్తున్నా, గరాజ్‌లోకి వెళ్ళి లెవికి ఫోన్ చేశాను. రిటర్న్ పాలసీ అడుగుదామని. లోపల్నుంచి చర్రున అట్ట చిరిగిన చప్పుడు. "బాక్స్ చింపేశానండీ!" అని కేక వేసింది షారన్.

మర్నాడు ఐదున్నరకి నది పక్కన ఉన్నాం. మంచుంది, వెలుగుంది. బాతులు మాత్రం ఒక్కటీ కదల్లేదు, నేనే వాటిని తప్పుకుని వెళ్ళాను. వాచ్ ఆవిడ చేతికి, పాట ఆవిడ నోట. నా కోసం గట్టిగా పాడుతోంది.

"చాలా దూరం వచ్చేశాం కదా... వాచ్ చూడు" అన్నాను రొప్పుతూ.

వాచ్ చూడనైనా చూడలేదు. "ఇంకా పల్లవేనండీ" అంది.

ఇప్పుడు రెండు పాటలు పరిగెత్తుతున్నాను. షుగర్ కూడా కాస్త వెనక్కి తగ్గింది. కలలు మానలేదు, మొన్న కూడా వచ్చింది. అదే నది, అదే మంచు. కలే కదా, ఒక్కసారైనా షారన్‌ని దాటేద్దామని ఊపిరి బిగబట్టి పరిగెత్తాను. సరిగ్గా పక్కకి చేరేసరికి ఎవరో భుజం తట్టారు.

"ఐదున్నరైంది. వస్తారా?"