లోపల ఎవరూ లేని రాయి

ఆ ఉదయం దో న్యో బర్మాలోని మొగోక్‌లో, గొడుగుల కింద రత్నాలమ్మే సంతకు పెద్ద ఆశతో బయలుదేరింది. కాగితంలో మడిచిన ఊదారంగు రాయిని మాండలే వ్యాపారి ఊ పో లిన్‌కు అమ్మాలని ఆమె ఆలోచన. వెంట మేనకోడలు ఇంజాలి ఉంది. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆ పిల్లే. యాంగోన్‌లో రాళ్ల పరీక్ష చదువుకుని, సంత పక్కనే చిన్న గది తెరిచింది. దో న్యో మాత్రం ఏమీ చదవలేదు. కానీ ఆమె "ఇది ఫలానా రాయి" అందంటే సంతలో ఎవరూ రెండోసారి అడగరు. ఆ మాట మీదే ఆమె బతుకు నడుస్తోంది.

గొడుగు వేసి, కాగితం విప్పింది. రాయి బాగా పండిన నేరేడుపండులా ఉంది.

"అమెథిస్టే కదా అక్కా?" అన్నాడు ఊ పో లిన్.

"కాకపోతే తెస్తానా తమ్ముడూ?"

అతను రాయిని ఎండలో పట్టుకుని, బేరం మొదలుపెట్టాడు. బేరం తెగేలోపు అతని వేళ్ల మధ్య రాయి రంగు పలచబడింది. చూస్తుండగానే పాలిపోయి, చివరికి చచ్చిన చేప కన్నులా తెల్లగా మిగిలింది.

"అక్కా, రాయి మార్చేశావా?"

"నీ చేతిలో ఉన్నదాన్ని నేనెలా మారుస్తానయ్యా?"

మొగోక్‌లో ఏ అనుమానం వచ్చినా ముందు బయటికి తీసేది అతినీలలోహిత కాంతి టార్చి. దాని కింద కెంపు నిప్పులా మెరుస్తుంది. ఊ పో లిన్ దుప్పటి కప్పుకుని, లోపల టార్చి వేశాడు. తెల్లరాయి నారింజ రంగులో రగిలింది. దుప్పటి తీస్తే మళ్లీ ఊదాగా ఉంది. అతను దాన్ని కింద పడేశాడు.

"దీంట్లో ఎవరో ఉన్నారు."

పక్క గొడుగులన్నీ కదిలి వచ్చాయి. నాట్ దేవతలు పూనే ఊ బో నీని పిలుచుకొచ్చారు. ఆయన కొబ్బరికాయ, అరటిపళ్లు పెట్టి, కళ్లు మూసుకుని చాలాసేపు ఊగాడు. ఎండలో రాయి తెల్లబడింది.

"వెళ్లిపోయింది," అన్నాడు.

"నిజంగానా? ఒకసారి చూద్దాం," అని ఎవరో దుప్పటి కప్పుకుని టార్చి వేశారు. అది తిరిగి వచ్చింది. ఇంకో అరటి గెల తెచ్చారు. మళ్లీ వెళ్లింది, మళ్లీ చూశారు, మళ్లీ వచ్చింది. ఈసారి కోపంగా వచ్చిందని ఊ బో నీ చెప్పాడు. దుప్పటి కోసం జనం వరసకట్టారు.

ఊ పో లిన్ మాత్రం మొండిగా అన్నాడు: "లోపల నాట్ అయినా ఉండాలి, లేదా అక్క మోసమైనా చేసి ఉండాలి. మూడోది లేదు."

దో న్యో ముఖం రాయిలాగే తెల్లబడింది. ఇంజాలి రాయి తీసుకుని గదిలోకి వెళ్లి, తలుపు వేసుకుంది. నీళ్లలో తూచింది, అమెథిస్ట్ కంటే తేలిక. కాంతి అందులో తక్కువ వంగింది. అమెథిస్ట్‌లో రెండుగా చీలాల్సిన కాంతి ఇందులో ఒక్కటిగానే నిలిచింది. టార్చి వేసి ఊదా చేసింది, కిటికీ దగ్గర పెట్టి తెల్లగా చేసింది. అలా మూడుసార్లు చేసి, చెమట తుడుచుకుని బయటికొచ్చింది.

"ఇది అమెథిస్ట్ కాదు, హాక్‌మనైట్. అత్తయ్య పేరు తప్పు చెప్పింది గానీ రాయి మార్చలేదు. టార్చి వేస్తే రంగొస్తుంది, చీకట్లో నిలుస్తుంది, ఎండకు పోతుంది. మీరు చూసినప్పుడల్లా మీరే తెప్పిస్తున్నారు. లోపల ఎవరూ లేరు."



"తప్పయింది అక్కా," అన్నాడు ఊ పో లిన్. "నువ్వు మార్చలేదు."

"పేరు పొరపాటు నాదేలే తమ్ముడూ. ఇక తీసుకో."

అతను రెండడుగులు వెనక్కి వేశాడు. "ఎవరూ లేరా?"

"ఎవరూ లేరు," అంది ఇంజాలి, ధైర్యం చెబుతున్నాననుకుని.

ఊ బో నీ గొంతు తగ్గించాడు. "ఎవరైనా ఉంటే బతిమాలి పంపొచ్చు తల్లీ. ఎవరూ లేకుండానే ఇన్ని రంగులు మారుస్తోందంటే, నేను ఎవరితో మాట్లాడను?"

ఒక్కొక్క గొడుగే ముడుచుకుంది. దో న్యో అరచేతిలో రాయి ఎవరి ప్రమేయమూ లేకుండా మెల్లగా తెల్లబడుతోంది.

ఆ రోజుతో, రాయి మార్చలేదన్న దో న్యో మాట మీద సంతకు పూర్తి నమ్మకం కుదిరింది. అందుకే ఆ రాయిని ఎవరూ కొనలేదు.