మెరుగైనవాడి ఆయాసం

రోగం ముందు కాగితం మీద తగ్గాలనీ, ఒళ్ళు తీరిక చూసుకుని ఆ వెనకే రావాలనీ లోకనియమం. ఆ ప్రకారం 2003 జూలైలో ఒక సోమవారం, పొద్దున పదకొండింటికి, నగర్తపేట మునిరాజుకు క్షయ తగ్గుముఖం పట్టింది. తెమడలో క్రిములు లేవని రిపోర్టు వచ్చింది.

కాత్యాయని దాన్ని మూడుసార్లు చదివి, నాలుగోసారి మొగుడి చేత చదివించుకుంది. పెళ్ళై నాలుగు నెలలు. హనీమూన్ అంటూ వాళ్ళు చూసింది ఈ క్షయ కేంద్రాన్నే. వారానికి మూడు రోజులు సిబ్బంది కళ్ళెదుట మాత్రలు మింగాలి (భార్య కళ్ళెదుట మింగితే లెక్కలోకి రాదు, ప్రేమ సాక్ష్యానికి పనికిరాదు). వచ్చే దారిలో చెరో ఎళనీరు బోండాం. ఆమెకు ఊటీ మీద బెంగే లేదు.

అయితే ఆ నాలుగు లైన్లు చదవడానికి మునిరాజు రెండుచోట్ల ఆగాడు. ఊపిరి అందలేదు. డాక్టరమ్మ ఎక్స్‌రే తీయించింది.

"మందు పనిచేస్తున్నా ఒక్కోసారి ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరుతుందమ్మా. భయం లేదు గానీ రెండు రోజుల్లో పెద్దాసుపత్రిలో తీయించాలి. ఆవులప్ప దగ్గర చీటీ తీసుకో."

ఆవులప్ప రిజిస్టర్ల అధికారి. ఆయన దగ్గర రెండే పుస్తకాలు: మెరుగైనవారు, మెరుగుకానివారు. చీటీ రెండోవారికే.

"నీ మొగుడు బాగుండాడమ్మా. ఇక్కడ రాసి ఉండాది."

"బాగానే ఉండాడు సార్. ఊపిరి మాత్రం ఆడ్డంలేదు."

"దానికి కాలమ్ లేదు."

"అంచులో రాయండి."

"అంచు ఆడిట్‌వాళ్ళది."

"మళ్ళీ క్రిములు తెచ్చుకుంటే?" అన్నాడు బెంచీ మీంచి మునిరాజు, ఆశగా.

"ఈ నెల కోటా ముగిసిందప్పా."

కాత్యాయని నవ్వింది. మొగుడు కూడా నవ్వబోయి, సగంలో పక్కటెముకలు పట్టుకుని వంగిపోయాడు. ఆమె నవ్వు అక్కడే ఆగింది. బల్ల అంచు పట్టుకుని, చీటీ ఇచ్చేదాకా కదలనంది.

ఆవులప్ప మనసు మెత్తన. వెతికి వెతికి ఒక మినహాయింపు పట్టుకున్నాడు. రేపు పదింటికి జోనల్ ఆఫీసు మూడో అంతస్తుకు రోగి స్వయంగా మెట్లెక్కి వచ్చి (లిఫ్టు ఫైళ్ళకు), తాను మెట్లెక్కలేనని అధికారి ఎదుట సంతకం చేయాలి.

"ఎక్కగలిగితే?"

"ఆయాసం లేదని రాస్తారు."

"ఎక్కలేకపోతే?"

"గైర్హాజరు," అన్నాడు ఆవులప్ప, పుస్తకం మూస్తూ. "పదింటికమ్మా, మరవద్దు. లేటయ్యేట్టుంటే పరిగెత్తించుకునైనా తీసుకురా."