రెండు గింజలు ఎక్కువ

చెప్పండి, మీరేం చూశారు? మీ ఇంట్లో పిల్ల గోడకు ఆనుకుని ఎక్కాలు అప్పజెబుతుంటే మీరు ఎటు చూశారు? నోటివైపేనా? వీపు వెనక దాచుకున్న వేళ్లవైపు ఒక్కసారైనా చూశారా? నేను చూడలేదు. అందుకే ఈ గోలంతా.

ఒక పెద్ద అడవిలో, ఏటికి కాస్త ఎగువన ఒక బడి. దానికి పంతులు ఒక ముసలి ఎలుగుబంటి. చదువు తక్కువ, గొంతు ఎక్కువ. ఎవరో అనుకునేరు, నేనే.

నాకు చదువు ఊరికే రాలేదండీ. చిన్నప్పుడు తేనెపట్లు దించే కూలిపని నాది. బడి పక్క చెట్టుకు వేలాడుతూ, లోపల పిల్లలు అరిచే ఎక్కాలు విని నేర్చుకున్నాను. ఏడో ఎక్కం మధ్యలో ఉండగా తేనెటీగ ముక్కు మీద కుట్టింది. కళ్లు తుడుచుకుని మళ్లీ చెవి పెట్టేసరికి ఏడు తొమ్మిదులు నడుస్తోంది. పోయిన ముక్కను నేనే పూరించుకున్నాను: "ఏడు ఎనిమిదుల యాభై నాలుగు." పాటకు భలే కుదిరింది.

ముప్ఫై ఏళ్లు అదే చెప్పాను. నా దగ్గర చదివిన నక్క తనిఖీ అధికారి అయింది. నా దగ్గరే చదివిన కాకమ్మ, ఎక్కం అప్పజెప్పందే పిల్లల నోట్లో మెతుకు పెట్టేది కాదు. బడిలో యాభై నాలుగు, గూట్లో యాభై నాలుగు.

ఒక్క కంపకే నోరు తిరగదు. కంప అంటే ముళ్లపంది కూతురు. "ఎంత తిట్టినా దీనికి నోటికి రావడం లేదు మాస్టారూ. రేగుగింజలు పేర్చుకుని కూర్చుంటుంది," అని వాళ్లమ్మ మొత్తుకునేది.

తనిఖీ రోజు నక్క అడిగాడు, "ఏడు ఎనిమిదులు?"

"యాభై నాలుగూ!" బడి కప్పు అదిరింది.

"యాభై ఆరండీ," అంది కంప. నేల మీద ఏడు వరసలు, వరసకు ఎనిమిది గింజలు.

నేను వంగి లెక్కపెట్టాను. యాభై ఆరే ఉన్నాయి. నాకు ఒళ్లు మండింది.

"రెండు గింజలు ఎక్కువ తెచ్చావే మొద్దూ! అవతల పారేయ్!"

అందరూ నవ్వారు. కంప రెండు గింజలు తీసింది. పారేయలేదు, గుప్పిట్లో పెట్టుకుంది. "శభాష్ గురువుగారూ, బడి అంటే ఇదీ," అని నక్క సంతకం పెట్టి వెళ్లాడు.

ఆ వానాకాలం ఏరు పొంగింది. గట్టున కుందేళ్ల బొరియలు ఏడు, బొరియకు ఎనిమిది మంది పిల్లలు. జింకలు వాళ్లను వీపు మీద ఎక్కించుకుని మిట్టకు చేరుస్తున్నాయి. నక్క నిలబడి లెక్కపెట్టాడు. "యాభై మూడు... యాభై నాలుగు. అయిపోయింది! అందరూ క్షేమం అని రాసేయండి."

ఏడో బొరియ కుందేలమ్మ గుండెలు బాదుకుంది. "అయ్యా, నాకు ఎనిమిది మంది. ఆరుగురే వచ్చారు!"

"ఏడు ఎనిమిదులు యాభై నాలుగు. ఎక్కం కంటే నీకెక్కువ తెలుసా అమ్మా?"

"నా బిడ్డలు నాకు తెలియరా?"

"కంగారులో లెక్క తప్పుతావు. కూర్చో."

ఆ తల్లి నావైపు చూసింది. నేను ఎక్కం మొత్తం మనసులో పాడుకున్నాను. సరిగ్గానే వచ్చింది, యాభై నాలుగే.

అప్పుడు కంప వచ్చి నా ముందు గుప్పిలి విప్పింది. "మాస్టారూ, నా రెండు గింజలు ఇంకా రాలేదండీ."

ముక్కు మీద పాత కుట్టు సలిపింది. నీళ్లలోకి దూకాను. బొరియ పైనున్న తుమ్మ వేరు పట్టుకుని ఇద్దరూ వేలాడుతున్నారు. ఒకడు నా చెవి కొరికాడు కూడా. కొరకాల్సిందే.

తెచ్చి తల్లి ఒళ్లో పడేశాను. నక్క కాగితం చూసుకుని తల గోక్కున్నాడు. "వీళ్లు లెక్కలో లేరే! పక్క అడవి నుంచి కొట్టుకొచ్చారని రాద్దాం."

"వీళ్లు కాదు ఎక్కువ, నా ఎక్కమే తక్కువ," అన్నాను.

"గట్టిగా అనకండి గురువుగారూ. ఎక్కం తప్పంటే నా ఉద్యోగం పోతుంది, ముప్ఫై ఏళ్ల పాసులన్నీ పోతాయి." ఆ సాయంత్రమే అడవి సభ తీర్మానించింది: ఎక్కం యథాతథం, ఇకనుంచి ఏడో బొరియలో ఆరుగురే పుట్టాలి.

నేను మర్నాడు బడిలో చెవులు పట్టుకుని నిలబడ్డాను. "తప్పు నాది. యాభై ఆరు," అన్నాను.

"యాభై ఆరూ!" బడి కప్పు మళ్లీ అదిరింది. అదే పాట, అదే ఊపు. ఒక్కరూ గింజ ముట్టుకోలేదు. కంప మాత్రం కొత్తగా వరసలు పేరుస్తోంది, నా మాట నిజమో కాదో చూద్దామని. ఈసారి నేను పక్కన కూర్చున్నాను.

నీతి: ఎక్కాన్ని దిద్దడం కంటే కుందేళ్లను తగ్గించుకోవడం తేలిక.

సరే, మీరు చెప్పండి, ఎనిమిది తొమ్మిదులు ఎంత? ఇప్పుడు కదిలింది మీ పెదాలా, వేళ్లా?