ఒక్క అభ్యంతరం కోసం

ఆ రోజు ఉదయం బుద్ధిమంతుడు ఒక తప్పు చెయ్యాలని గట్టిగా నిశ్చయించుకుని లేచాడు. పళ్ళు తోముకుంటూ ఏ తప్పు చెయ్యాలా అని ఆలోచించాడు. స్నానం చేస్తూ ఎంత పెద్ద తప్పు చెయ్యాలా అని ఆలోచించాడు. అలవాటు లేని పని కదా పాపం, ఒక పట్టాన తెమల్లేదు.

బుద్ధిమంతుడు అతని అసలు పేరు కాదు. కంప్యూటర్లకు పని చెప్పే భాషలు బోలెడున్నాయి. వాటిలో ఒక భాషకు కోర్ లైబ్రరీ చూసుకునే కమిటీ వాళ్ళు పెట్టిన పేరది. కోర్ లైబ్రరీ అంటే మరేం లేదు. లెక్కపెట్టడం, వరసలో పేర్చడం, తారీఖు చెప్పడం లాంటి రోజూ కావలసిన పనిముట్లను ముందే తయారుచేసి భాషతోపాటు ఇచ్చేస్తారు. ఆ భాషలో రాసే ప్రతివాడూ వాటినే వాడతాడు. అందుకని అందులో వెంట్రుకవాసి మార్పు చెయ్యాలన్నా ముందు ప్రతిపాదన రాయాలి. కమిటీ దాన్ని అటూ ఇటూ తిప్పి చూడాలి. గడువులోగా ఒక్కరు అభ్యంతరం చెప్పినా అది ఆగుతుంది, ఎవరూ చెప్పకపోతే లోపలికి వెళ్ళిపోతుంది. జీతం లేని కొలువు. అలకలూ గొడవలూ మాత్రం జీతమిచ్చే ఆఫీసుకన్నా ఎక్కువే.

ఆ కమిటీలో ఒకావిడ ఉంది. చాటున అందరూ ఆమెను చాదస్తం మేడం అంటారు. ఎక్కడో వేరే ఊళ్ళో ఉంటుంది. బుద్ధిమంతుడు ఆమెను ఎదురుగా చూడనేలేదు. వారానికోసారి జరిగే వీడియో మీటింగులో తపాలాబిళ్ళంత చదరంలో చూశాడు, గొంతు విన్నాడు, అంతే. కానీ అతను కమిటీలో చేరిన కొత్తలో ఏం రాసినా కింద ఆమె మూరెడు పొడుగు వ్యాఖ్య రాసేది. "పేరు మధ్యలో ఖాళీ ఉంటే ఏమవుతుంది? జాబితాలో అసలేమీ లేకపోతే? ఇవేవీ ఆలోచించకుండా ఎలా రాశారండీ?" అని దులిపేసేది. అతను జవాబు రాసేవాడు, ఆమె దానికి ఎదురు రాసేది. ఒక్కోసారి మధ్యలో, "ఇక్కడ వాన మొదలైంది, కిటికీ వేసొచ్చి మిగతాది రాస్తాను" అనేది. ఆమె కిటికీ వేసి తిరిగొచ్చేదాకా అతను కుర్చీలోంచి కదిలేవాడు కాదు.

చిక్కంతా అతను బుద్ధిగా నేర్చుకోవడంతో వచ్చింది. ఆమె మెచ్చుకుంటుందని ఒక్కో తప్పూ దిద్దుకుంటూ పోయాడు. మూరెడు వ్యాఖ్య జానెడయింది, జానెడు ఒక్క వాక్యమయింది. ఇప్పుడు కింద "సరే" అని మాత్రం ఉంటోంది. ఆ సరేని చూసి చూసి అతనికి బెంగ పట్టుకుంది. తిండి సహించదు, పని తోచదు. పాత తిట్లన్నీ తీసి మళ్ళీ చదువుకుంటాడు. ఆవిడ ఇంకొక్కసారి నిలబెట్టి కడిగేస్తే జన్మ ధన్యమనుకునే స్థితికి వచ్చాడు.

ఈ రోగానికి మందు చెప్పింది అక్క. అతను అక్కా బావల దగ్గరే ఉంటాడు. అక్కకు వీధి గదిలో బట్టలు కుట్టే షాపుంది. కుట్టు మిషన్ తొక్కుతూ యథాలాపంగా అంది: "కొలత సరిగ్గా కుదిరినవాళ్ళు మళ్ళీ నా మొహం చూడర్రా. అందుకే ఆ మూలింటి టీచరమ్మకి చంక కింద కాస్త బిగుతు పెట్టేస్తాను."

"కావాలనే పెడతావా?" అన్నాడు అతను నోరు తెరిచి.

"మరి? ఆవిడ సరిచేయించుకోడానికి వస్తే కూర్చుని బోలెడు కబుర్లు చెబుతుంది. నాకు మాత్రం పొద్దు పోవద్దూ?"

అలా పుట్టింది ఆ ఆలోచన. స్నానం ముగించి, టీ తాగి, అతను సగటు లెక్కకట్టే పనిముట్టు మీద ప్రతిపాదన రాశాడు. అంకెలన్నీ కూడి, ఎన్ని ఉంటే అన్నిటితో భాగిస్తే సగటు వస్తుంది. అసలు అంకెలే లేకపోతే? "సగటు లేదు" అని చెప్పాలి. అతను మాత్రం "సగటు సున్నా" అని రాశాడు. ఎవరూ రాయని పరీక్షకు సగటు మార్కు సున్నా అనడం లాంటిది అది, రాయనివాళ్ళందర్నీ ఫెయిల్ చేసినట్టు. చాదస్తం మేడం దీన్ని చూస్తే ఊరుకుంటుందా? శివాలెత్తిపోదూ! ఆమె మండిపడగానే ప్రతిపాదన వెనక్కి తీసుకుందామనుకుని, ఆశగా పంపేశాడు.

మొదటి వ్యాఖ్య వచ్చిన చప్పుడుకి గుండె ఝల్లుమంది. తీరా చూస్తే అది పెద్దాయనది. కమిటీకి అధ్యక్షుడు ఆయన. "బుద్ధిమంతుడు రాశాక మళ్ళీ చూసేదేముంది! సరే" అన్నాడు. తరవాత వరసగా సరేలు వచ్చి పడ్డాయి. ఒక్కరూ చదివిన పాపాన పోలేదు.

చదివిన ప్రబుద్ధుడు ఒక్కడే, కొత్తల్లుడు. అతని మాట కాదంటే మూడు మీటింగులు అలుగుతాడు గనక కమిటీలో ఆ పేరు స్థిరపడింది. "ఖాళీ జాబితాకి సున్నా అన్నారేం?" అని అడిగాడు. పోనీ ఇతనైనా పట్టుకున్నాడని బుద్ధిమంతుడు ఊపిరి పీల్చుకునేలోపే రెండో వ్యాఖ్య వచ్చింది. "ఆహా, ఇప్పుడర్థమైంది! ప్రోగ్రాము మధ్యలో ఆగిపోకుండా చేశారన్నమాట. ఎంత ముందుచూపండీ! నేనూ ఒక చెయ్యి వేస్తాను." వెయ్యడమంటే మామూలుగా వెయ్యలేదు. ఖాళీ జాబితాలో అన్నిటికన్నా పెద్దదీ సున్నాయే, చిన్నదీ సున్నాయే అని ఇంకో రెండు పనిముట్లు చేర్చి, కింద తన పేరు కూడా పెట్టేశాడు. ఇద్దరి పేర్లు పడ్డాక ఒక్కరే వెనక్కి తీసుకోడానికి కమిటీ నియమాలు ఒప్పుకోవు.

బుద్ధిమంతుడికి ముచ్చెమటలు పట్టాయి. గబగబా తన ప్రతిపాదన కింద తానే, "దీనివల్ల చాలా అనర్థాలు వస్తాయేమో, అందరూ మరోసారి చూడండి" అని రాశాడు.

"చూశారా వినయం! తన పనిని తానే శంకించుకుంటున్నాడు. కుర్రసభ్యులు నేర్చుకోవాలి" అని పెద్దాయన అతన్ని ఆకాశానికెత్తేశాడు.

ఇంత జరుగుతున్నా ఆమె దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఆ పొడి "సరే" కూడా లేదు. అతను పొద్దున లేస్తూనే చూసేవాడు, అన్నం మధ్యలో ఎడం చేత్తో తెరిచి చూసేవాడు. ఒంట్లో బాగాలేదేమో, కమిటీ మానేసిందేమో, ఎవరినైనా అడుగుదామంటే ఏమని అడుగుతాడు? బయట వాన పడితే, అక్కడా పడుతోందా, కిటికీ వేసుకుందా అనుకుంటూ నిలబడిపోయేవాడు. "ఏంట్రా ఆ గోడకేసి చూపులు?" అని అక్క కేకలేస్తే గానీ ఈ లోకంలోకి వచ్చేవాడు కాదు.

గడువు ఆఖరి రోజు, మీటింగుకి కాస్త ముందు బావ ఫోన్ చేశాడు. బావ ఊళ్ళో ఈతకొలనుకి మేనేజరు. ప్రతి ప్రతిపాదననీ ఏదో ఒక నిజమైన చోట నడిపి చూపించాలని కమిటీ నియమం ఉండటంతో, బుద్ధిమంతుడు ఎప్పుడూ బావ కొలనులో థర్మామీటర్ల సగటు కట్టి నీళ్ళ వేడిని చూసుకునే కంప్యూటర్ మీదే ప్రయోగాలు చేసేవాడు. కొత్త పనిముట్టు దానంతటదే అక్కడికి చేరిపోతుంది. ఈ బెంగలో అతను ఆ సంగతే మరిచిపోయాడు.

"ఒరేయ్ బావమరిదీ! కొంప మునిగిందిరా! థర్మామీటర్లు తీసి తుడవడానికి పెట్టాం. నీ కంప్యూటర్ నీళ్ళ వేడి సున్నా అంటోంది. గడ్డకట్టిపోతున్నాయనుకుని హీటర్లన్నీ ఒక్కసారి అంటించేసింది. ఆపుదామంటే నా మాట వినదు!"

"జనాన్ని బయటికి రమ్మను బావా! ఇదిగో వస్తున్నా!"

"పిల్లలు వచ్చేశారు. ముసలాళ్ళు రానంటున్నారు. మోకాళ్ళ నొప్పులు పోయాయట. ఇంకాస్త కాగనీ నాయనా అని నన్నే కోప్పడుతున్నారు!"

బుద్ధిమంతుడు ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని పరుగెత్తాడు. హీటర్లు ఆర్పి, పాత పనిముట్టు తిరిగి పెట్టి, ముసలాళ్ళ శాపనార్థాలు తిని లేచేసరికి మీటింగు వేళయింది. చేసేది లేక కొలను గట్టు మీదే బాసింపట్టు వేసుకుని కూర్చుని మీటింగులో చేరాడు. ఆవిరికి కెమెరా మసకబారి, అతను మేఘాల్లోంచి మాట్లాడుతున్నట్టు కనిపించాడు.

"అయ్యా, ఈ ప్రతిపాదన తప్పు. ఎవరూ ఒప్పుకోవద్దు. కావాలనే తప్పు రాశాను!" అని అరిచాడు.

"మళ్ళీ వినయం" అన్నాడు పెద్దాయన మురిసిపోతూ.

"వినయం కాదండీ బాబూ! ఇక్కడ జనం ఉడికిపోతున్నారు!"

కొత్తల్లుడి మూతి మూడు వంకరలు తిరిగింది. "అంటే నా పేరున్న దాన్ని తప్పంటారన్నమాట. సరే లెండి. నా విలువేమిటో ఇప్పటికి తెలిసింది."

"అబ్బే, మిమ్మల్నెవరన్నారు?" అని పెద్దాయన అతన్ని బుజ్జగించడంలో పడ్డాడు. బుజ్జగింపు అయ్యాక గొంతు సవరించుకున్నాడు. "రాసినవాళ్ళు అభ్యంతరం చెబితే చెల్లదు, నియమం నియమమే. మేడం ఒక్కరే మిగిలారు. మేడం, మీరేమంటారు?"

బుద్ధిమంతుడు తెర మీది ఆవిరి తుడిచాడు. తపాలాబిళ్ళంత చదరంలో ఆమె ఉంది. కాస్త చిక్కినట్టుంది. ఒక్క మాట అంటే చాలు, భాషా దక్కుతుంది, తన ప్రాణమూ లేచొస్తుంది.

"నాకు అభ్యంతరం లేదు" అందామె.

పెద్దాయన బల్ల చరిచాడు. ప్రతిపాదన లోపలికి వెళ్ళిపోయింది. ఎక్కడెక్కడి లెక్కల్లోనూ లేని అంకెలకు సగటు సున్నా అయి కూర్చుంది. ఇంత పెద్ద తప్పు చేసినా ఆమె ఒక్క మాట అనలేదంటే, ఇక ఈ జన్మలో అనదు. బుద్ధిమంతుడి కళ్ళు చెమర్చాయి. అది ఆవిరి వల్ల అనుకుందామన్నా మనసు ఒప్పుకోలేదు.

అప్పుడు ఫోన్ మోగింది. కొత్త నంబరు.

"నేనండీ. కమిటీ నుంచి" అంది ఆ గొంతు. "అక్కడ ఎవరికీ ఏమీ కాలేదు కదా?"

"లేదండీ. మోకాళ్ళ నొప్పులు తగ్గాయంతే." అతను ఫోన్ చెవికి అదుముకున్నాడు. "మీరు... మీరు చూడలేదా ఆ తప్పు?"

"మొదటి రోజే చూశాను. మూరెడు వ్యాఖ్య రాశాను. పంపబోయి తుడిచేశాను."

"తుడిచేశారా! మూరెడూనా?" అతనికి గుండె తరుక్కుపోయింది.

"ఏం చెయ్యమంటారు? ఒకసారి నేను మీటింగులోకి రాలేదనుకుని, మేడం చాదస్తానికి బుద్ధిమంతుడే మందు అన్నారు కొత్తల్లుడు గారు. అందరూ నవ్వారు. మీరూ నవ్వారు. అప్పట్నుంచీ మీరు తప్పులు రాయడమే మానేశారు. నా నోరు మూయించడానికే అనుకున్నాను. ఇది కూడా నన్ను నలుగురిలో నవ్వులపాలు చెయ్యడానికేమోనని, ఈ ఒక్కసారికి చాదస్తం లేకుండా ఉందామనుకున్నాను. ఉండి చూశాను. కంటి మీద కునుకు లేదు, ఒంటికి పడలేదు."

"నవ్వింది నిజమేనండీ" అన్నాడతను. ఇక దాచుకోవడం చేతకాలేదు. "మన ఇద్దర్నీ కలిపి ఒక్క మాటలో అన్నారని సంతోషం పట్టలేక నవ్వాను. మీరు మెచ్చుకుంటారని తప్పులు మానేశాను. మానేస్తే మీరు మాట్లాడటం మానేశారు. మీ మాట కోసం మళ్ళీ తప్పు చేశాను. ఆ తుడిచేసిన వ్యాఖ్య... గుర్తుందా మీకు?"

ఆమె గొంతు సవరించుకుని, "గుర్తు లేకేం! అసలు మీకు బుద్ధుందా అండీ?" అని మొదలుపెట్టింది. అంకెలు లేకపోవడానికీ అంకె సున్నా కావడానికీ తేడా తెలీదా అంది. ఎవరైనా లేరంటే ఉన్నారనీ, కానీ విలువలేదనీ అర్థమా అని నిలదీసింది. అతను కాళ్ళు గోరువెచ్చటి నీళ్ళలో పెట్టుకుని, ఒక్క ముక్క వదలకుండా విన్నాడు.

బావ తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చాడు. "ఎవర్రా? తిడుతున్నారా?"

"అవును బావా."

"మరి ఆ వెలుగేంట్రా మొహం మీద?" అని బావ ముక్కున వేలేసుకున్నాడు.

తిట్లు అయ్యాక ఆమె అసలు విషయానికి వచ్చింది. లోపలికి వెళ్ళినదాన్ని బయటికి తియ్యడం అంత తేలిక కాదు. ఇద్దరు సభ్యులు బాధ్యత తీసుకుని, ఎవరెవరు ఎక్కడెక్కడ వాడుతున్నారో చూసి, ఒక్కోటీ సరిచేస్తూ రావాలి. "ఇలాంటివి ఫోన్లలో తెమలవు. ఎదురెదురుగా కూర్చోవాలి. నేనే వస్తాను" అంది. "ఎప్పుడు?" అని అతను అడిగిన తీరుకి, ఇన్నాళ్ళలో మొదటిసారి ఆమె నవ్వింది.

ఆమె వచ్చింది. అప్పట్నుంచీ ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని, ఒక్క రోజు కూడా మానకుండా, ఆ తప్పు దిద్దడానికి ఎంతో శ్రద్ధగా పనిచేస్తూనే ఉన్నారు. ఇంతవరకూ అది పూర్తి కాలేదు.