అయిదుసార్లు వచ్చిన ఆఖరి రౌండు

శనివారం పొద్దున వెర్లీన్ వేసుకున్న పథకం చిన్నది. శాండ్‌విచ్‌లు కట్టుకుని కార్ల పందేల మైదానానికి వెళ్ళాలి, మెట్ల మీద కూర్చుని భర్త రాయిస్ గెలవాలని దేవుణ్ణి వేడుకోవాలి. పదకొండేళ్ళుగా చేస్తున్నదదే. "ఒక్కసారి గెలిస్తే కారు అమ్మేస్తా" అని రాయిస్ పాస్టరు ముందు మాటిచ్చాడు. అతను గెలవనూ లేదు, ఆ కారు వాళ్ళ శనివారాలను వదలనూ లేదు.

అంతలో మైదానం యజమాని హాస్కెల్ ఫోను చేశాడు.

"వెర్లీన్, జెండాలూపే డెల్బర్ట్‌కి నడుము పట్టేసింది తల్లీ. ఇవాళ్టికి నువ్వు మంచె ఎక్కి ఊపాలి."

"ఆ జెండాల సంగతి నాకేం తెలుసు హాస్కెల్?"

"బడి దగ్గర పిల్లలు రోడ్డు దాటేందుకు ఇరవై ఏళ్ళు బండ్లాపావు. ఇదీ అంతే. నాలుగు రంగులు, అందరికీ తెలిసినవే."

అందరికీ తెలిసినదాన్ని సరిచూసుకోకుండా వదలడం వెర్లీన్ నైజం కాదు. గ్రంథాలయానికెళ్ళింది. మోటారు పందేల మీద అక్కడున్నది ఒకే పుస్తకం, అదీ ఐరోపా పందేల గురించి. జెండా ఎక్కడైనా జెండాయే కదా అని ఆ రెండు పుటలూ కంఠతా పట్టింది. అయినా అనుమానం తీరక, కారు కింద పడుకుని సుత్తితో బాదుతున్న రాయిస్‌ను అడిగింది.

"తెల్లజెండా అంటే, ముందెవరో నెమ్మదిగా వెళ్తున్నారు, జాగ్రత్త అని. అంతేగా?"

"ఆ, ఆ. ఆ పెద్ద పానా ఇలా అందుకో."

సాయంత్రం పచ్చజెండా ఊపగానే పద్నాలుగు కార్లు దూకాయి. ఇరవై అయిదు రౌండ్ల పందెం. పదో రౌండులో ఒక కారు దగ్గుతూ లోపలి అంచున పాకడం మొదలుపెట్టింది. అది రాయిస్‌దే. వెర్లీన్ మనసు చివుక్కుమంది. అయినా కర్తవ్యం కర్తవ్యమే. తెల్లజెండా తీసి ఊపింది.

అమెరికాలోని కరోలినాలో డ్రైవర్లు రౌండ్లు లెక్కపెట్టరు, అది జెండా మనిషి పని. తెల్లజెండా కనబడిందంటే వాళ్ళకు ఆఖరి రౌండని అర్థం. దాచుకున్న సత్తువంతా అప్పుడే తీయాలి. పదముగ్గురూ ఒకరి మీద ఒకరు ఉరికారు. తిరిగొచ్చేసరికి, పందెం ముగించే గళ్ళజెండాకు బదులు మళ్ళీ తెల్లదే.

చెవి రేడియోలో హాస్కెల్ గొంతు చించుకున్నాడు. "ఆఖరి రౌండని ఎవరు చెప్పారు నీకు?"

"ఆఖరిదేంటి, ఇంకా పద్నాలుగున్నాయి. నేను లెక్కపెడుతూనే ఉన్నా."

"మరి ఆ తెల్లదెందుకు?"

"మా ఆయన పాకుతున్నాడు, కనబడ్డం లేదూ?"

"ముందది దించమ్మా!"

"ఆయన తప్పుకున్నాక దించుతా. ఎవడైనా వచ్చి గుద్దితే ఎవరిది పూచీ?"

అలా ఆఖరి రౌండు అయిదుసార్లు వచ్చింది. అయిదోసారి, ఇది నిజంగానే ఆఖరిదని నమ్మిన ఇద్దరు మూడో మలుపులో ఒకే సందులో దూరారు. మిగతావాళ్ళు వాళ్ళ మీదికెక్కారు. ఎర్రజెండాకు రెండు ఖండాల్లోనూ ఒకటే అర్థం కాబట్టి వెర్లీన్ దాన్ని సరిగ్గానే చూపింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. తిట్లు మాత్రం పక్క కౌంటీ దాకా వినిపించాయి. ఆ పదమూడు కార్లలో ఒక్కదానికైనా నాలుగు చక్రాలు ఒకే దిక్కు చూడటం లేదు.

నడిచే కారు ఒక్కటి మిగిలినా పందెం పూర్తి కావలసిందేనని ఆ మైదానం నియమం. మిగిలింది రాయిస్. అతను దగ్గుతూనే తిరిగాడు. జనం వెళ్ళి హాట్‌డాగులు తిని, చేతులు కడుక్కుని వచ్చినా ఇంకా తిరుగుతూనే ఉన్నాడు. హాస్కెల్ చెప్పిన వేళకు వెర్లీన్ తెల్లజెండా ఊపింది, ఆ తర్వాత గళ్ళజెండా.

"పదకొండేళ్ళు!" అంటూ ఆమె కిందికి దిగి, కప్పు పట్టుకున్న భర్తను వాటేసుకుంది. "ఇక అమ్మకానికి బోర్డు పెట్టేద్దామా?"

"పిచ్చా నీకు?" అన్నాడు రాయిస్. "చచ్చిన ఇంజనుతోనే గెలిచాను బంగారం. దీన్ని బాగుచేస్తే ఇంకెలా ఉంటుందో ఆలోచించు!"

సోమవారానికల్లా ఆ ఇంజను ముక్కలు ముక్కలై వంటింటి బల్ల మీదికొచ్చింది.