ఎల్లర్బీ మూడు గోల్స్ మెరుగు

ఆ ఏప్రిల్ సోమవారం ఉదయం మార్లిస్ హ్రుస్కా పెట్టుకున్న పనులు మూడే: కాఫీ తాగడం, నాలుగు ముక్కల ఉత్తరం ఒకటి రాయడం, వాన వెలిస్తే మైదానానికి సున్నంతో గీతలు గీయడం. ఎల్లర్బీ కాలేజీ అమ్మాయిల సాకర్ జట్టుకు ఆమె పన్నెండేళ్ళుగా కోచ్. అమెరికాలో అయోవా రాష్ట్రపు మొక్కజొన్న చేల మధ్య ఉన్న ఆ కాలేజీ మూడో డివిజన్‌లో ఆడుతుంది. మొదటి డివిజన్ వాళ్ళు ఆడే పిల్లలకు చదువు చెప్పించి, విమానాల్లో తిప్పుతారు. రెండో డివిజన్ వాళ్ళు సగం చదువు చెప్పించి, బస్సుల్లో తిప్పుతారు. మూడో డివిజన్‌లో ఒక చొక్కా ఇస్తారు. సీజన్ అయ్యాక అది ఉతికి తిరిగి ఇచ్చెయ్యాలి.

ఉత్తరం ఒక గోల్‌కీపర్ కోసం. ఉన్న ఒక్క గోల్‌కీపర్ చదువు ముగించుకుని డిసెంబరులో వెళ్ళిపోయింది. అప్పటినుంచి పెగ్ అనే డిఫెండర్ చేతులకు గ్లవుజులు తొడుక్కుని, బంతి వచ్చినప్పుడల్లా కళ్ళు మూసుకుంటూ గోల్ ముందు నిలబడుతోంది. మే ఒకటో తేదీలోగా అసలైన గోల్‌కీపర్ దొరక్కపోతే వచ్చే ఏడు జట్టే ఉండదని కాలేజీ అధ్యక్షుడు నవ్వుతూ రెండుసార్లు చెప్పాడు. ఆ ప్రాంతంలో ఒకే మాట రెండుసార్లు నవ్వుతూ చెప్పారంటే ఇక దానికి తిరుగులేదు.

పక్క ఊళ్ళో కొరీన్ వాండెవీర్ అనే హైస్కూలు పిల్ల ఉంది. బంతి ఎటు వస్తే అటు పిల్లిలా దూకుతుంది. ఆ పిల్లను రాష్ట్రంలోని పెద్ద యూనివర్సిటీ పిలిచింది: మొదటి డివిజన్, గోల్‌కీపర్లలో మూడో స్థానం. నిర్ణయం తండ్రి డ్వైట్‌దని అందరూ అనుకుంటున్నారు. డ్వైట్ కూడా అలాగే అనుకుంటున్నాడు.

"మాది మంచి జట్టు, మీ అమ్మాయికి ఇక్కడ బాగుంటుంది" అని మార్లిస్ రాసిన వాక్యం దగ్గర ఆర్విల్ చేడెన్ వేలు పెట్టాడు. ఆయన రిటైరైన లెక్కల ప్రొఫెసర్. ఇంట్లో భార్య భరించలేక పంపిస్తే వచ్చి, జట్టుకు జీతంలేని సహాయకుడిగా ఉంటున్నాడు.

"మంచి జట్టంటే? ఎవరికంటే మంచి? ఎంత మంచి?"

"మాష్టారూ, అది ఉత్తరం. పరీక్ష పేపరు కాదు."

"ఆ తండ్రి పంట బీమా మనిషమ్మా. వడగళ్ళు పడ్డాయంటే ఎన్ని పడ్డాయని అడిగే రకం. ఒక్క గంట టైమివ్వు."

గంటలో ఆర్విల్ రెండు కాగితాలు తెచ్చాడు. మొదటి దాని మీద లెక్క: ఎల్లర్బీ నిరుడు డోవర్ గ్రోవ్‌ను ఒక గోల్ తేడాతో ఓడించింది. డోవర్ గ్రోవ్ ఒక రెండో డివిజన్ కాలేజీతో సమంగా ఆడింది. ఆ కాలేజీ ఒక మొదటి డివిజన్ జట్టును ఒక గోల్‌తో ఓడించింది. ఆ జట్టు పెద్ద యూనివర్సిటీని ఒక గోల్‌తో ఓడించింది. కనుక ఎల్లర్బీ పెద్ద యూనివర్సిటీ కంటే మూడు గోల్స్ మెరుగు. మార్లిస్ ఆ పేజీ చూసి నవ్వుకుంది, ముచ్చటపడి ఉత్తరంతో పాటు పంపింది. మాష్టారి దాల్చినచెక్క రొట్టె మీది పంచదార పాకానికి రెండో కాగితం మొదటిదానికి అతుక్కుపోయిన సంగతి చూడలేదు. స్కానింగ్ యంత్రం కూడా చూడలేదు. డ్వైట్‌కు ఒక్క పేజీయే చేరింది.

డ్వైట్ దాన్ని మూడుసార్లు చదివాడు, మూడుసార్లూ కూడాడు. కూడిక సరిగ్గానే ఉంది. అదే పేజీని పెద్ద యూనివర్సిటీ కోచ్ రెక్స్ మాడర్న్‌కు పంపి, "మీరు వీళ్ళకంటే మూడు గోల్స్ తక్కువట. మీ సంజాయిషీ ఏమిటి?" అని మర్యాదగా అడిగాడు.

మంగళవారం మార్లిస్‌కు రెక్స్ దగ్గరనుంచి రెండు ముక్కలు వచ్చాయి: "మీ కాగితం చూశాం. శనివారం రెండింటికి మా అమ్మాయిలతో మీ మైదానానికి వస్తున్నాం."

మార్లిస్ కుర్చీలోంచి లేచి నిలబడింది. ఊళ్ళో పిల్లలకు ఒకరోజు ఆట నేర్పి వెళ్ళమని ఫిబ్రవరిలో ఆ యూనివర్సిటీకి ఒక దరఖాస్తు పెట్టుకుంది. ఇన్నాళ్ళకు దయ కలిగిందన్నమాట! కొరీన్‌ను కూడా పిలిస్తే, ఎల్లర్బీకి ఎంత పెద్దవాళ్ళు వస్తారో కళ్ళారా చూస్తుంది. వెంటనే జవాబు రాసింది: "ఎంత సంతోషమో చెప్పలేను! మీతో ఆడడానికి మా ఊరి పదేళ్ళ పిల్లలు ఎప్పుడెప్పుడా అని కాచుకుని ఉన్నారు. మరీ గట్టిగా ఆడనివ్వనులెండి."

రెక్స్ శనివారానికి రిజర్వు ఆటగాళ్ళను పంపుదామనుకున్నాడు. ఈ జవాబు చదివాక తన మొదటి పదకొండు మందినీ పిలిచి, బల్ల మీద ఆ జవాబు పెట్టి, బయటికి వెళ్ళిపోయాడు. ఆ అమ్మాయిలు చదువుకున్నవాళ్ళు కాబట్టి వాళ్ళే చదువుకున్నారు.

బుధవారం చర్చిలో ప్రార్థన అయ్యాక కాఫీ దగ్గర డ్వైట్ ఆ పేజీని పదిమందికి చూపించి, శనివారం పెద్ద యూనివర్సిటీ వస్తున్న సంగతీ చెప్పాడు. పదిమందిలో ఒకాయన ఊరి పత్రిక సంపాదకుడు. గురువారం పత్రిక మొదటి పేజీలో, గొడ్ల సంత వార్తకు పైన, "ఎల్లర్బీ మూడు గోల్స్ మెరుగు: శనివారం పెద్ద యూనివర్సిటీతో తాడో పేడో" అని అచ్చయింది. మార్లిస్ ఆ పత్రికా, మాష్టారి అసలు కాగితమూ పట్టుకుని ఆర్విల్ ఇంటికి పరిగెత్తింది.

"మాష్టారూ! ఏం రాశారండీ మీరు?"

"రెండో పేజీ చదవలేదా?"

"రెండో పేజీ ఎక్కడుందీ?"

అసలు కాగితాన్ని వేడినీళ్ళ ఆవిరి మీద పట్టి విడదీశారు. రెండో పేజీలో ఆర్విల్ చక్కని చేతిరాతతో రాశాడు: "ఇదే పద్ధతిలో వేరే జట్ల మీదుగా వెళితే పెద్ద యూనివర్సిటీ మనకంటే పదిహేడు గోల్స్ మెరుగని తేలుతుంది. కాబట్టి ఈ పద్ధతిని ఎవరూ నమ్మకూడదు. డివిజన్లను పోల్చాలంటే ఎదురెదురుగా ఆడడమొక్కటే దారి."

"ఇది ముందు పేజీలో రాయొచ్చుగా!"

"ముందు పేజీలో రాస్తే రెండో పేజీ ఎవరు చదువుతారమ్మా?"

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అనుకుంటూ మార్లిస్ రెక్స్‌కు ఫోన్ చేసింది. అయితే ఆ రాష్ట్రంలో ఎవరూ ఎవరినీ రావద్దని అనరు. ఇంటికి నిప్పంటుకున్నా, వచ్చిన చుట్టానికి ముందు కాఫీ ఇస్తారు.

"రెక్స్ గారూ, దారి దూరం కదా, శనివారం వానంటున్నారు. మీకు ఇబ్బందైతే..."

"మాకేం ఇబ్బంది లేదండీ. మీ పదేళ్ళ పిల్లలకేమన్నా ఇబ్బందా?"

"అబ్బే, మాకేం ఇబ్బందండీ!" అనేసింది మార్లిస్. ఫోన్ పెట్టేశాక తల బల్లకు ఆనించింది. అధ్యక్షుడి దగ్గరికి వెళితే ఆయన కాలేజీ ధర్మకర్తలందరినీ ఆటకు పిలిచేశాడు. బ్యాండు వాళ్ళు విజయగీతం సాధన చేస్తున్నారు. అధ్యక్షుడు మెత్తగా ఒకసారి నవ్వాడు కూడా. రెండోసారి నవ్వకముందే ఆమె బయటపడింది.

శనివారం వాన రాలేదు. అదొక్కటీ వచ్చినా బాగుండేది. ఊరంతా మడత కుర్చీలు, దుప్పట్లు తెచ్చుకుని గాలికి ఎదురుగా కూర్చుంది. డ్వైట్ ఒళ్ళో అట్ట, అట్ట మీద కాగితం, చేతిలో పెన్సిలు. పక్కన కొరీన్ మోకాళ్ళ మీద మోచేతులు పెట్టుకుని చూస్తోంది.

మొదటి గోల్ నాలుగో నిమిషంలో పడింది. పెగ్ కళ్ళు మూసుకునే ఉంది కాబట్టి అది చూడలేదు. అయిదో గోల్ నుంచి కళ్ళు తెరవడం మొదలుపెట్టింది. ఏడో గోల్ తర్వాత ఒక బంతిని నిజంగానే పట్టుకుని, తనకే నమ్మకం కలగక దాన్ని అలాగే కావలించుకుని నిలబడింది. ఊరంతా లేచి చప్పట్లు కొట్టింది. బ్యాండు వాళ్ళకు వచ్చింది విజయగీతమొక్కటే కాబట్టి అదే వాయించారు. ఆట పదకొండు సున్నాతో ముగిసింది.

రెక్స్ వచ్చి చెయ్యి కలిపాడు. "మీ పిల్లలు చివరిదాకా పరిగెత్తారండీ" అన్నాడు. అన్నది మనస్ఫూర్తిగానే. మార్లిస్ ఆ చెయ్యి వదిలి మైదానం వైపు చూసింది. పన్నెండేళ్ళ పని, పదమూడు మంది పిల్లలు, అన్నీ ఈ మధ్యాహ్నంతో సరి. ధర్మకర్తలు కుర్చీలు మడుస్తున్నారు. డ్వైట్ కూతురితో కలిసి తనవైపే నడిచి వస్తుంటే, మాటలు కూడదీసుకుంది.

"డ్వైట్ గారూ, ఆ లెక్క..."

"లెక్క తప్పండీ" అన్నాడు డ్వైట్ గంభీరంగా. "పద్నాలుగు గోల్స్ తేడా వచ్చింది. పంటకైతే మేం పూర్తి నష్టం కింద రాస్తాం."

"నాన్నా, నువ్వుండు" అంది కొరీన్. "కోచ్, మీ గోల్‌కీపర్ మీదికి ఇవాళ ఎన్ని బంతులొచ్చాయి?"

"నలభై ఒకటి. పుండు మీద కారం చల్లకమ్మా."

"అటువైపు అమ్మాయికి రెండు. ఆ రెండూ సొంత జట్టువాళ్ళు వెనక్కి తోసినవి. చలికి గంటన్నర గెంతుతూ నిలబడింది పాపం." కొరీన్ మైదానం అవతల దుప్పటి కప్పుకుని వణుకుతున్న ఆ గోల్‌కీపర్ వైపు చూసింది. "నాకక్కడ మూడో స్థానమిస్తామన్నారు. అంటే ఆ రెండు బంతుల కోసం ముగ్గురం వంతులేసుకోవాలి. నేను ఇక్కడికే వస్తాను."

తండ్రి పెన్సిలు నోట్లో పెట్టుకుని నలభై ఒకటిని రెండుతో భాగించి చూసుకున్నాడు.

"ఇరవైన్నర రెట్లు" అని తల పంకించాడు. "దీనికి ఎదురులేదు."

"ఒక్క షరతు, కోచ్" అంది కొరీన్. "నేనున్న నాలుగేళ్ళూ మీ డిఫెన్స్‌ని మరీ బాగుచెయ్యకండి."

ఆ మాట నిలబెట్టుకోవడానికి మార్లిస్ ప్రత్యేకంగా ఏ ప్రయత్నమూ చేయవలసి రాలేదు.